విడి సంచికలా? కుట్టిన సంపుటములా?

గడచిన విద్యాసంవత్సరమున మా పాఠశాల పఠనమందిరమునకు ఒక పెట్టె వచ్చినది. ఈ పాఠశాలయందే చదివి, పైచదువులకై అమెరికా చేరి, అచ్చటనే స్థిరపడిన పూర్వవిద్యార్థి యొకరు తమ యౌవనమున కొని దాచుకొనిన బొమ్మలకథల సంచికలను చిన్నవారి వినోదార్థము పంపిరి. అద్భుతశక్తులు గలవారును, ముసుగులు ధరించి దుష్టులను దండించువారును అగు వీరుల కథలే వానిలో హెచ్చుగా నున్నవి. ఇట్టి వీరులను సూపర్ హీరోలనియు, ఇట్టి బొమ్మలకథలను కామిక్కులనియు లోకము వ్యవహరించుచున్నది గనుక మేమును ఆ మాటలనే వాడుచున్నాము.

ఆ పెట్టెలో బ్యాట్‌మాన్ అను వీరుని పత్రికలోని 426వ, 427వ సంచికలు మాకు దొరికినవి. అవి 1988వ సంవత్సరమునాటివి. బ్యాట్‌మాన్‌కు తోడుగా నుండు బాలునకు రాబిన్ అని పేరు. ఈ కథలోని రాబిన్ అసలు పేరు జేసన్ టాడ్. తన్ను కన్నతల్లిని వెదకుకొనుచు ఆ బాలుడు ఇథియోపియా దేశము చేరును; అచ్చట జోకర్ అను క్రూరుని చేతికి చిక్కును. 427వ సంచిక ముగియుచోట బాలుడున్న గిడ్డంగి బాంబు ప్రేలి భగ్గున మండును. కథ అంతటితో ఆగినది. వెనుక అట్టమీద రెండు టెలిఫోను సంఖ్యలు అచ్చు వేయబడియున్నవి. రాబిన్ బ్రతుకవలెనని కోరువారు ఒక సంఖ్యకును, చావవలెనని కోరువారు రెండవదానికిని పిలువవలయునట! పాఠకుల తీర్పు నెట్లుండునో కథ నట్లే నడిపింతుమని ప్రచురణకర్తల వాగ్దానము.

మేము 428వ సంచికకై పెట్టె యడుగువఱకు వెదకితిమి. అది లేదు. కొందఱు బాలుడు తప్పక బ్రతికియుండుననిరి. కొందఱు మనుష్యులు అంత దయగలవారు కారనిరి. కడపట మేమును చీటీలు వ్రాసి తరగతిలో ఎన్నిక జరిపితిమి. మా ఎన్నిక ముప్పదియైదేండ్లు ఆలస్యమైనదని ఎఱిగియు జరిపితిమి. చాల చీటీలు బ్రతుకవలెననియే వచ్చినవి.

రెండు నెలల పిమ్మట ఆ కథ యంతయు ఒక్క గ్రంథముగా కుట్టబడిన ప్రతి మాకు లభించినది. తొలి రెండు భాగములు చదివితిమి, గిడ్డంగి భగ్గుమన్నది, పుట త్రిప్పితిమి. కొన్ని పుటలలోనే బ్యాట్‌మాన్ ఆ బాలుని కళేబరమును చేతులలో ఎత్తుకొని నిలిచియుండెను. రెండు నెలలు మమ్ము వేధించిన ప్రశ్న గ్రంథము చదువువానిని రెండు నిమిషములైనను వేధింపదని అప్పుడు మాకు తోచినది. కథ యొక్కటే, బొమ్మలవియే, మాటలవియే. ఐనను మేము చదివినవి రెండు వేఱు వస్తువులు. విడి సంచికలు చదువుటకును, సంపుటము చదువుటకును గల ఈ భేదమును తోడి విద్యార్థులకు విశదపఱచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట వస్తువు లెట్టివో చెప్పవలయును. విడి సంచిక పలుచనిది. సాధారణముగా 32 పుటలుండును. నడుమ రెండు తీగముక్కలతో కుట్టబడియుండును. అందు ఇరువది, ఇరువదిరెండు పుటలే కథ. తక్కినవి ప్రకటనలు, పాఠకుల లేఖలు, రాబోవు సంచికలను గూర్చిన ఊరింపులు. తఱచుగా నెలకొకటి వెలువడును. నేడు అమెరికాలో ఒక్కొక్క దాని వెల ఇంచుమించు 4 లేక 5 డాలర్లు. సంపుటమన్ననో, అట్టి సంచికలను అయిదారింటిని, ఒక్కొక్కప్పుడు పండ్రెండింటిని చేర్చి, ప్రకటనలు తీసివేసి, మంచి కాగితముపై అచ్చొత్తి, గట్టి అట్టవేసి అమ్మునట్టిది. దానికి వీపున పేరుండును. బీరువాలో నిలువబెట్టిన నిలుచును.

సూపర్ హీరో కామిక్కులు విడి సంచికలుగానే పుట్టినవి. జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు యువకులు కల్పించిన సూపర్‌మాన్ 1938వ సంవత్సరము జూను నెల పేర వెలువడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో లోకమునకు కనబడెను. దాని వెల 10 సెంట్లు. మఱుసటి యేడే సూపర్‌మాన్ పేర వేఱొక పత్రిక వెలువడినది. దాని మొదటి సంచికలో హెచ్చుభాగము యాక్షన్ కామిక్స్‌లో అంతకుముందు వచ్చిన కథలకు పునర్ముద్రణమే. అనగా, చెదరిన కథలను ఒకచోట చేర్చవలెనను కోరిక వీరునితోపాటే పుట్టినదని చెప్పవచ్చును.

ఐనను చాలకాలము ఈ పుస్తకములను దాచదగినవిగా ఎవరును తలపలేదు. పిల్లలు చదివిరి, చేతులు మార్చుకొనిరి, పాఱవేసిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో పాత కాగితమును ప్రోగుచేసి యుద్ధావసరములకు ఇచ్చు ఉద్యమము నడచినది. అందు లెక్కలేనన్ని కామిక్కులు కరగిపోయినవి. మిగిలినవియు చవుక కాగితముపై అచ్చువేయబడుటచే పసుపుబారి, అంచులు పెళుసై రాలిపోవుచుండును. 1974లో మార్వెల్ సంస్థవారి తొలి కథలను చేర్చిన ఒక గ్రంథము పుస్తకాల అంగళ్ళకు వచ్చినది. 1986లో ఫ్రాంక్ మిల్లర్ రచించిన డార్క్ నైట్ రిటర్న్స్, 1987లో ఆలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ గారల వాచ్‌మెన్ సంచికలుగా ముగిసి గ్రంథరూపము దాల్చిన పిదప సంపుటములకు గౌరవము హెచ్చినది. గ్రంథాలయములు వానిని కొనసాగెను. పెద్దలు సిగ్గుపడక చదువసాగిరి.

ఇక సంపుటమువలని లాభములు చెప్పెదము. మొదటిది, కథ తప్పిపోదు. మాకు 428వ సంచిక దొరకనట్లు ఎందఱికో నడుమ సంచికలు దొరకకపోవును. ఒక్కొక్కప్పుడు ఒకే కథ పలు పత్రికలలో పాఱుచుండును. 1992లో సూపర్‌మాన్ మరణించిన కథ యిట్టిదే. దాని కడపటి నాలుగు భాగములు నాలుగు వేర్వేఱు పత్రికలలో వెలువడినవి. అందొక చమత్కారము కలదు. ఆ నాలుగింటిలో మొదటి సంచికయందు పుటకు నాలుగేసి బొమ్మలు, రెండవదానియందు మూడేసి, మూడవదానియందు రెండేసి, సూపర్‌మాన్ మరణించు సంచికయందు పుటకొక్కటే బొమ్మ. మరణము దగ్గఱపడుకొలది బొమ్మలు పెద్దవగుచు వచ్చును. ఏదో ఒక పత్రిక మాత్రమే కొను బాలునకు ఈ లెక్క తెలియకపోవచ్చును. నాలుగు భాగములను వరుసగా కుట్టిన గ్రంథమున అది తానై కంటికి కనబడును.

రెండవ లాభము, వెనుకకు త్రిప్పి చూడగలుగుట. వాచ్‌మెన్ పండ్రెండు సంచికలు. మొదటి బొమ్మలో నవ్వుముఖము గల పసుపుపచ్చని బిళ్ళయొకటి నెత్తుటి మరకతో వీధికాలువయందు పడియుండును. చిట్టచివరి బొమ్మలో ఒకని చొక్కామీద అదే నవ్వుముఖము, దానిపై కెచప్ మరక. ఈ రెంటికిని నడుమ ఏడాదికి పైగా కాలము గడచినది. సంచికలను నెలనెలకును చదివినవారిలో ఎందఱు ఆ మొదటి మరకను జ్ఞప్తియందుంచుకొని యుందురు? గ్రంథము చేత నున్నవాడు తుది పుటమీద ఒక వ్రేలు, మొదటి పుటమీద ఒక వ్రేలు ఉంచి పోల్చి చూచును. నిర్మాణము జాగ్రత్తగా చేయబడిన కథకు సంపుటమే తగిన యిల్లు.

మూడవ లాభము పేదవానిది. గ్రంథాలయమున ఒక్క సంపుటమున్న నూఱుమంది చదువుదురు. పలుచని సంచిక పదిచేతులు మారునప్పటికి అట్ట ఊడును. మా పఠనమందిరపు అనుభవమే ఇందుకు సాక్ష్యము.

ఇన్ని లాభములుండగా విడి సంచికతో పనియేమి యని యడుగవచ్చును. దానికి మూడు సమాధానములు కలవు.

మొదటిది, ఎడబాటు. నెలకొక భాగము చదువువాడు కథను చదువుట మాత్రమే కాదు, కథతో కాపురము చేయును. చదివిన గడియ స్వల్పము; తలపోసిన దినములు ముప్పది. బాలురు ఊహించుకొందురు, వాదించుకొందురు, పందెములు వేయుదురు. రచయిత వ్రాయనిది వారు వ్రాసికొందురు. సంచికయొక్క తుదిబొమ్మ ఈ యెడబాటునకై గీయబడినదే. గ్రంథములో ఆ బొమ్మయే మఱొక పుటయై నడుమ ఇఱుకుకొనియుండును. తలుపువలె తెఱచి దాటిపోవుదుము, అచ్చట నిలిచియుండినవారి నిట్టూర్పు మనకు వినబడదు.

రెండవది, పాఠకుల గొంతు. పాత సంచికలలో లేఖల పుటలుండెడివి. అందు లేఖకుల పేర్లతోపాటు చిరునామాలుకూడ అచ్చు వేయుచుండిరి. తత్ఫలితముగా దూరదూరపు ఊళ్ళలోని యువకులు ఒకరికొకరు జాబులు వ్రాసికొని మిత్రులైరి. అట్లు లేఖలు వ్రాసిన రాయ్ థామస్ తరువాత రచయితయై, 1972లో మార్వెల్ సంస్థకు ప్రధాన సంపాదకుడయ్యెను. కథలో తప్పు పట్టి, ఆ తప్పు తప్పు కాదని నేర్పుగా సమర్థించిన పాఠకునకు మార్వెల్‌వారు ‘నో ప్రైజు’ అను బహుమానమును పంపెడివారు. అది ఖాళీ కవరు! ఆ ఖాళీ కవరుకై పిల్లలు ఎంత పాటుపడిరో తలచుకొన్న నవ్వు వచ్చును. సంపుటములలో సామాన్యముగా ఈ లేఖలు చేర్చబడవు. కథ మిగులును, కథ చుట్టును కూర్చుండినవారు మిగులరు.

మూడవ సమాధానము అన్నిటికంటె ముఖ్యమైనది. సంచిక కొనువాని చేతిలోనే వీరుని ప్రాణముండును. 1962వ సంవత్సరము ఆగస్టు నెల పేర వెలువడిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలు స్పైడర్‌మాన్‌ను ప్రవేశపెట్టిరి. ఆ పత్రికకు అదియే కడపటి సంచిక. మూతపడనున్న పత్రిక గనుకనే క్రొత్త ప్రయోగమునకు చోటు దొరకినది. సంచిక విశేషముగా అమ్ముడుపోయెను. కొన్ని నెలలకే, 1963 మార్చి నెల పేర, స్పైడర్‌మాన్‌కు సొంత పత్రిక ఏర్పడినది. పండ్రెండేసి సెంట్లిచ్చి ఆ సంచికను కొన్న పిల్లలు తమకు తెలియకయే ఆ వీరునకు ఆయువు పోసిరి.

ఎక్స్‌మెన్ అను వీరబృందము గతి ఇందుకు విపరీతము. 1963లో పుట్టిన వారి పత్రిక చాలినన్ని ప్రతులు అమ్ముడుపోక 1970లో 66వ సంచికతో క్రొత్త కథలను ఆపివేసెను. పిదప దాదాపు అయిదేండ్లు పాతకథలనే మరల అచ్చువేసిరి. 1975లో క్రొత్త వీరులను చేర్చి పునరుద్ధరించినగాని ఆ బృందమునకు మంచి దినములు రాలేదు.

1970ల నుండి అమెరికాలో కామిక్కులకు ప్రత్యేకమైన అంగళ్ళు వృద్ధిచెందినవి. అంతకుముందు పత్రికల దుకాణములవారు మిగిలిన ప్రతులను ప్రచురణకర్తలకు త్రిప్పి పంపెడివారు. ఈ క్రొత్త అంగళ్ళవారు కొంత హెచ్చు తగ్గింపుతో సరకు పొంది, మిగిలినను త్రిప్పి పంపరు. కావున వారు ముందుగానే లెక్క చూచుకొని తెప్పింతురు. సంచిక కావలెనని నలుగురు ముందుగా చెప్పిననే అంగడివాడు నాలుగు ప్రతులు కోరును. ఆ కోరికల మొత్తమునుబట్టియే పత్రిక నడచుటయో, ఆగుటయో నిర్ణయమగును. “గ్రంథము వచ్చినపుడు కొందములే” యని అందఱును ఊరకుండిన, కథ నడుమనే నిలిచిపోయి గ్రంథమే రాకపోవచ్చును. చెట్టునకు నీరు పోయక పండునకు చేయి చాచినట్లు.

ఐతే కొన్నవాడెల్ల పోషకుడని తలపరాదు. సూపర్‌మాన్ మరణించిన సంచిక నల్లని సంచిలో మూసి అమ్మబడినది. అరువదిలక్షలకు పైగా ప్రతులు చెల్లెను. అంతకు ముందటి యేడు, 1991లో, ఎక్స్‌మెన్ క్రొత్త పత్రిక మొదటి సంచిక పలురకముల అట్టలతో ఎనుబదిలక్షలకు పైగా చెల్లినది. కొన్నవారిలో పలువురు మున్ముందు వెల పెరుగునను ఆశతో కొని, సంచి విప్పనైన విప్పలేదు. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతియొకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. అది కొన్ని ప్రతులు మాత్రమే మిగిలియుండుటచేత. లక్షలకొలది జనులు లక్షలకొలది ప్రతులను పదిలముగా దాచిన, వానికి అపురూపత యెక్కడిది? ఆశ కరగినది, అంగళ్ళు పెక్కు మూతపడినవి, మార్వెల్ సంస్థయే 1996లో దివాలా రక్షణకు న్యాయస్థానము నాశ్రయించినది. విప్పని సంచిక విడి సంచికయు కాదు, సంపుటమును కాదు. అది చదువబడని కాగితము.

సంపుటమునందును ఒక లోపము గమనింపదగును. పాత కామిక్కుల రంగులు ముతక కాగితమునకు తగినట్లు ఏర్పఱుపబడినవి. సిరా ఇంకి మెత్తబడును. అవే రంగులు తెల్లని నున్నని కాగితముపై కన్నులు చెదరునట్లు కనబడును. కొన్నిట రంగులే మార్చబడినవి. 1988లో వెలువడిన కిల్లింగ్ జోక్ అను బ్యాట్‌మాన్ కథకు జాన్ హిగ్గిన్స్ రంగులు వేసెను. 2008లో ఆ కథను చిత్రించిన బ్రయన్ బాలండే వానిని మార్చి తన ఇచ్ఛానుసారము క్రొత్త రంగులు వేసెను. రెండును చూచినవారు ఒకే రాత్రిని రెండు ఋతువులలో చూచినట్లు భావింతురు. ఏది మేలో చెప్పుట కష్టము. రెండును ఒకటి కాదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

ఈ విషయము మన తెలుగువారికి క్రొత్తది కాదు. మన వారపత్రికలలో ధారావాహిక నవలలు వెలువడిన దినములలో అవ్వలు, అమ్మలు వారమువారము పత్రికకై వాకిట కనిపెట్టుకొనియుండెడివారు. ఇరుగుపొరుగులు కలసి తర్వాతి భాగమును ఊహించుకొనెడివారు. కథ ముగిసిన పిదప ఆ పుటలను పత్రికలనుండి చించి, వరుసగా పేర్చి, బైండు చేయించి పెట్టెలో దాచెడివారు. అట్టి పుస్తకములు నేటికిని కొన్ని యిండ్లలో కలవు. పుట వెనుక సగము తెగిన సబ్బు ప్రకటనయు, కొస లేని వంట విధానమును కనబడుచుండును. వారికి విడి సంచికయా, సంపుటమా యను వివాదమే లేదు. మొదట వేచియుండిరి, పిదప కుట్టించిరి. ఆ క్రమమే సరియైనదని మాకు తోచుచున్నది. నడచుచున్న కథను సంచికలుగా చదివి దానిని నిలుపవలయును. ముగిసిన కథను సంపుటముగా చదివి దానిని ఎఱుగవలయును.

తుదకు రాబిన్ మాట. ఆ టెలిఫోను ఎన్నికలో చావవలెనని వచ్చిన పిలుపులు 5,343. బ్రతుకవలెనని వచ్చినవి 5,271. కేవలము 72 పిలుపుల తేడాతో ఆ బాలుడు మరణించెను. పిలుపునకు 50 సెంట్లు. 2005లో రచయితలు అతనిని మరల సజీవునిగా చేసిరి. ఐనను ఆనాటి తీర్పు తీర్పే. సంపుటము చదువువానికి ఆ మరణము రచయిత వ్రాసిన కథ. 427వ సంచిక చేతబట్టుకొని టెలిఫోను దగ్గఱ నిలిచినవానికి అది తాను చేసిన పని, లేక చేయక మానిన పని. “ఎటులైనను బ్రతికింతురులే” యని పిలువక యూరకుండినవారు ఎందఱో! వారిలో 73 మంది కదలియుండిన చాలును.

మా పఠనమందిరమున ఇప్పుడు ఆ రెండు సంచికలును, సంపుటమును ఒకే బీరువాలో నున్నవి. మేము, గ్రంథాలయము చూచు ఉపాధ్యాయులవారును కలసి ఒక నియమము చేసికొంటిమి. సంపుటము కోరువారు మొదట 427వ సంచిక చదువవలయును. చదివి, ఒక చీటీమీద తమ తీర్పు వ్రాసి డబ్బాలో వేయవలయును. ఏడు దినములు గడచినగాని సంపుటము ఇవ్వబడదు. మొదట కొందఱు విసుగుకొనిరి. ఇప్పుడు ఆ ఏడు దినములును విరామపు గంటలో వరండాయందు రాబిన్‌ను గూర్చిన వాదములే వినబడుచున్నవి. డబ్బాలోని చీటీలను మేము లెక్కించుచునే యున్నాము. నేటివఱకును బాలుడు బ్రతికియే యున్నాడు.